కొత్తపేట నర్సింగ్ హోమ్‌లో బయోవేస్ట్ పని: ఏప్రిల్ నుంచి జూన్ దాకా

ఏప్రిల్ రెండో వారం

ఫారం 4 పని నాకు అప్పగించారు. పోయిన సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు దాకా మా ఆసుపత్రిలో ఏ రంగు కవర్లో ఎంత వ్యర్థం వచ్చింది, దాన్ని ఎవరికి అప్పగించాం, ఎవరికైనా సూదులు గుచ్చుకున్నాయా, ఇవన్నీ రాసి జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. 2016 బయో మెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం ఆసుపత్రులు, క్లినిక్కులు, ల్యాబులు అన్నీ పంపాల్సిందే. మంచాలు తక్కువని మినహాయింపు లేదు.

మాది గుంటూరు కొత్తపేటలో ముప్పై మంచాల లోపు నర్సింగ్ హోమ్. కాన్పులు, చిన్నా పెద్దా ఆపరేషన్లు, కింద ల్యాబ్, ముందు మందుల షాపు. ఈ పేట సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏ సందులో నిలబడి తలెత్తినా డాక్టర్ల బోర్డులే. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు. ఇన్ని ఆసుపత్రుల్లోంచి రోజూ బయటికెళ్లే సూదులు, రక్తం అంటిన దూది, ట్యూబులు ఎవరో ఒకరి చేతుల మీదుగానే పోతాయి. ఆ చేతుల గురించి ఎవరూ రిజిస్టర్లో రాయరు.

రిజిస్టరు తీసి చూశాను. పసుపు కవరు గడిలో నెలల తరబడి ఒకటే అంకె. ఆదివారం అదే, ఆపరేషన్లు ఎక్కువున్న రోజూ అదే, సంక్రాంతికి వార్డు సగం ఖాళీ అయినప్పుడూ అదే. కాటా ఏదని అడిగితే స్టోర్ రూములో అట్టపెట్టెలోంచి తీసి ఇచ్చారు. పెట్టెకు వేసిన టేపు కూడా ఊడలేదు.

ఆసుపత్రి నడిపే మేడమ్ గారికి చూపించాను. ఆవిడ చాలాసేపు పేజీలు తిప్పి, "పోయిన ఏడాదివి అంచనా బరువులని దాచకుండా రాయి. వచ్చే ఏడాది ఫారంలో మాత్రం ప్రతి అంకె కాటా మీంచే రావాలి. దానికి ఏం కావాలో చెప్పమ్మా, కొందాం" అన్నారు. ముప్పై మంచాలు, అంతకు పైన ఉన్న ఆసుపత్రులైతే కమిటీ వేయాలి. మాలాంటి చోట బాధ్యత తీసుకునే అర్హులు ఒకరుంటే సరిపోతుంది. ఆ బాధ్యతకు నా పేరు రాశారు.

ఏప్రిల్ మూడో వారం

ముందు ఏం జరుగుతోందో చూడాలనుకున్నాను. కట్టేసిన కవరు మళ్లీ విప్పి కెలకడం ప్రమాదం, ఆ పని చేయకూడదు. అందుకని ప్రతి షిఫ్ట్ చివర, మూతి కట్టకముందే, పైనుంచి టార్చి వేసి కనిపించింది కనిపించినట్టు రాసుకున్నాను.

పసుపు కవరు కాల్చాల్సినవాటికి, ఎరుపు ప్లాస్టిక్‌కు, తెల్ల డబ్బా సూదులకు, నీలం డబ్బా గాజుకు. చూస్తే, పసుపులో ఇడ్లీ పొట్లాలు, టీ కప్పులు, బత్తాయి తొక్కలు, మందుల అట్టపెట్టెలు. గ్లౌజులు కూడా అందులోనే. ఎరుపులో సూది తీయని సిరంజిలు. సూదుల తెల్ల డబ్బాలో పగిలిన ఆంప్యూల్స్, అంటే ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు గొట్టాలు. నీలం డబ్బా దాదాపు ఖాళీ. అన్నిటికంటే భయం వేసింది మామూలు చెత్త డబ్బా చూసినప్పుడు. రోగుల బంధువులు తినే ప్లేట్ల మధ్య రక్తం నిలిచిన ఐవీ సెట్ (సెలైన్ ఎక్కించే ట్యూబు) ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంది. ఆ డబ్బా పొద్దున్నే కార్పొరేషన్ బండికి వెళ్తుంది. అక్కడ దాన్ని వేరుచేసేవాళ్లు ఒట్టి చేతులతో వేరుచేస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆసుపత్రి వ్యర్థాల్లో దాదాపు 85 శాతం మన ఇళ్లలో వచ్చే చెత్తలాంటిదే. ప్రమాదకరమైనది మిగతా 15 శాతమే. ఆ 15ని 85తో కలిపితే మొత్తం 100 శాతమూ ప్రమాదకరమే అవుతుంది. ఇడ్లీ పొట్లాన్ని కూడా కొలిమిలో కాల్చాల్సి వస్తుంది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ పసుపు కవర్లోకి వెళ్తే ఇంకో నష్టం. అది కాలినప్పుడు డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలు పుడతాయి. అవి గాలిలో, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి, పాలలోకీ మాంసంలోకీ చేరతాయి. పసుపు కవరు కూడా క్లోరిన్ లేని ప్లాస్టిక్‌తోనే చేయాలన్న నియమం అందుకే వచ్చింది.

సిస్టర్లకు ఇవన్నీ తెలియవా అంటే, తెలుసు. ఎవరిని అడిగినా నాలుగు రంగులూ గడగడా చెప్పేశారు. గోడ మీద చార్టు కూడా ఉంది. అందుకే పోస్టర్లు, క్లాసులు పక్కన పెట్టి ఒక సూదినే వెంబడించాను. సిస్టర్ చివరి మంచం దగ్గర ఇంజెక్షన్ చేసింది. సూది కోసే కట్టర్ నర్సుల టేబుల్ మీద ఉంది, వార్డుకు ఇవతలి చివర. మధ్యలో ఒకరు సెలైన్ అయిపోయిందని పిలిచారు, ఇంకొకరు డిశ్చార్జి కాగితం అడిగారు. సిరంజి ట్రేలోనే ఉండిపోయింది. కాసేపటికి ఆయమ్మ వచ్చి ట్రే ఖాళీ చేసింది, దగ్గర్లో ఏ డబ్బా ఉంటే అందులో.

ఏది ఎందులో వేయాలో నేర్చుకున్న మనిషి వేరు, నిజంగా వేస్తున్న మనిషి వేరు. పొరపాటు ఒకరి చేతిలో మొదలై, గుచ్చుకోవడం ఇంకొకరి చేతికి జరుగుతోంది. ఈ ప్రాజెక్టులో నేను మార్చాల్సింది ఇదొక్కటే అని ఆ రోజు అర్థమైంది. వ్యర్థం ఎవరి చేతిలో పుట్టిందో వాళ్లే, పుట్టినచోటే విడదీయాలి.

ఏప్రిల్ చివర

మందుల ట్రాలీకి ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాం. పక్కన రెండు రింగులు, ఒకదానికి చిన్న ఎరుపు కవరు, ఇంకోదానికి పసుపు. పై అరలో కట్టర్ కదలకుండా బిగించాం. దాని పక్కనే సూది గుచ్చుకుని బయటికి రాని గట్టి తెల్ల డబ్బా, చిన్న నీలం డబ్బా. ఇప్పుడు ఇంజెక్షన్ చేసిన చెయ్యి మూరెడు దూరం జరిగితే చాలు.

సిరంజిని రెండు ముక్కలుగా చూడమని చెప్పాను. సూది కట్టర్లోకి, అక్కడినుంచి తెల్ల డబ్బాకు. ప్లాస్టిక్ గొట్టం ఎరుపుకు. ఇన్సులిన్ సిరంజికి సూది ఊడదు కాబట్టి మొత్తం తెల్ల డబ్బాలోకే. వాడిన సూదికి రెండో చేత్తో మళ్లీ మూత పెట్టడం పూర్తిగా బంద్. చాలామందికి సూది దిగేది సరిగ్గా అప్పుడే. వయల్స్, ఆంప్యూల్స్ నీలానికి. ఐవీ సెట్లు, యూరిన్ బ్యాగులు, సెలైన్ బాటిళ్లు, గ్లౌజులు ఎరుపుకు. దూది, డ్రెస్సింగు గుడ్డలు, పిండికట్టు, రక్తం ఎక్కించిన బ్యాగు, బాలింతల ప్యాడ్లు పసుపుకు. కాలం చెల్లిన మందులు కంపెనీకి తిరిగి పంపాలి, లేదంటే పసుపుకు.

బంధువులు కూర్చునే ప్రతి చోటా మామూలు చెత్త డబ్బాలు పెట్టించాం. పసుపు డబ్బాలను వార్డు గుమ్మం దగ్గర్నుంచి తీసేశాం. అక్కడ ఉన్నన్నాళ్లూ వాటిలో అరటితొక్కలు పడుతూనే ఉంటాయి. ఎవరూ చెడ్డవాళ్లై వేయడం లేదు, చెత్తకు చోటు కనిపించింది కాబట్టి వేశారు.

మే మొదటి వారం

ఈ వారం రాయాల్సింది ఎక్కువ ఉంది.

ఆయమ్మలతో, వార్డ్ బాయ్‌లతో విడిగా కూర్చున్నాం. సిస్టర్లు లేకుండా, టీ తాగుతూ. ఎవరికైనా సూది గుచ్చుకుందా అని అడిగితే మొదట అందరూ లేదన్నారు. రిజిస్టర్లోనూ సున్నానే. కాసేపు మాటలు నడిచాక మా పెద్దాయమ్మ అరచెయ్యి చూపించి, "కవరు నొక్కి మూతి కడతంటే దిగిందమ్మా, చలికాలంలో" అంది. ఎందుకు చెప్పలేదు పిన్నీ అంటే, "చెప్తే ఏమవుద్దమ్మా? నువ్వే చూసుకోవాలిగా అంటారు" అంది. మిగతావాళ్లూ అప్పుడు ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు.

హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు వాడిన సూది టీకా వేయించుకోని మనిషికి గుచ్చుకుంటే వంద మందిలో దాదాపు ముప్పై మందికి దాకా అంటుకోవచ్చు. హెపటైటిస్ సి అయితే వందకు ఒకరిద్దరు, హెచ్‌ఐవీ అయితే వెయ్యికి ముగ్గురు. అందరూ హెచ్‌ఐవీకే భయపడతారు, అసలు భయపడాల్సింది హెపటైటిస్ బికి. దానికి మంచి టీకా ఉంది. సిస్టర్లందరికీ చదువుకునే రోజుల్లోనే వేశారు. కవర్లు మోసేవాళ్లలో ఒక్కరికీ లేదు.

అది నాకు చాలా బాధ కలిగించింది. నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది, వ్యర్థాలను తాకే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని. మేడమ్ గారు ఆ సాయంత్రమే టీకాలు తెప్పించారు. ముందు రక్తపరీక్షలు, ఆ తర్వాత మొదటి డోసు. పెద్దాయమ్మకు పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి. రెండో డోసు నెల తర్వాత, మూడోది ఆరో నెలలో. అది అయ్యాక నెలా రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేయించాలి, 10 యూనిట్లు దాటితే రక్షణ వచ్చినట్టు.

గుచ్చుకుంటే ఏం చేయాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి వ్యర్థాల గది తలుపుకే అంటించాం. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. పారే నీళ్లలో సబ్బుతో కడగాలి. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి, పగలైనా రాత్రైనా. హెచ్‌ఐవీ మందు అవసరమైతే మొదటి డోసు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా పడాలి, తర్వాత 28 రోజులు వాడాలి. జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ మాకు ఆటోలో కాసేపటి దూరమే. ఆటో డబ్బులు, మందులు ఆసుపత్రివే. జీతంలో కోత ఉండదని మేడమ్ గారు కింద సంతకం చేశారు. ఆ సంతకమే అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం.

మే మధ్యలో

ఎండలు మండిపోతున్నాయి. పసుపు కవర్లు శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదని నియమం. ఈ ఎండల్లో అంతసేపు కూడా ఆగవు. ఆదివారం బండి రాకపోతే సోమవారం పొద్దున వెనక సందంతా వాసన. శని, ఆదివారాల్లో కూడా రావాలని, మా కవర్లు తీసుకెళ్లే ఉమ్మడి శుద్ధి కేంద్రం వాళ్లకు ఉత్తరం రాశాం. ఒప్పందం మంచాల లెక్కన కాబట్టి అదనంగా ఏమీ అడగలేదు. శనివారం రాత్రి వస్తామన్నారు, వస్తున్నారు.

వెనక పెరట్లో పాతకాలం ఇటుక తొట్టి ఉండేది, ఒకప్పుడు అందులో వేసి తగలబెట్టేవాళ్లట. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఏ ఆసుపత్రీ సొంతంగా అలాంటివి పెట్టకూడదు. పగలగొట్టించి ఆ స్థలంలోనే చిన్న గది కట్టించాం. టైల్స్, డ్రైన్, పైన జాలీ, పందికొక్కులు దూరకుండా తలుపు కింద రేకు, తాళం. కాటా లోపలే. కవరు ముప్పావు నిండగానే మూతి కట్టాలి. నిండా కుక్కితే పిగులుతుంది, ఒంటికి ఆనించి మోయాల్సి వస్తుంది. బార్‌కోడ్ అంటించి, తూచి, బండివాడితో సంతకం పెట్టించుకున్నాకే బయటికి.

మే చివర

పసుపు బరువు బాగా తగ్గింది, ఇడ్లీ పొట్లాలు పోయినందుకు. ఎరుపు మాత్రం పెరగాల్సినంత పెరగడం లేదు. ఎక్కించిన సెలైన్లు ఎన్నో మందుల షాపు లెక్క చెబుతుంది. ఎరుపు కవర్లో అన్ని బాటిళ్లు లేవు.

ఎక్కడికి పోతున్నాయో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పాత ప్లాస్టిక్ కొనేవాళ్లు నెలకోసారి వెనక సందులోకి వస్తారు. కింది సిబ్బందికి జీతం ఒక్కటే చాలదు, ఆ కాస్త డబ్బు కూడా కలిస్తేనే ఇల్లు గడిచేది. అందుకే దీన్ని దొంగతనంగా చూడదలచుకోలేదు. కానీ ఆపాలి. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్ బి విపరీతంగా పాకి జనం చనిపోయారు. వాడిన సిరంజిలు, సూదులే మళ్లీ వాడటం అక్కడ బయటపడింది, ఆసుపత్రి చెత్త చేతులు మారే వ్యాపారమూ బయటపడింది. ఈ సంగతి వాళ్లకు చెప్పాను. బాటిల్‌తో పాటు ట్యూబు పోతుంది, ట్యూబుతో పాటు ఎప్పుడో ఒక సూది పోతుంది.

మేడమ్ గారితో, మేనేజరు గారితో మాట్లాడాం. వ్యర్థాల పని చేసేవాళ్లకు నెలనెలా జీతంతో పాటు ఒక అలవెన్సు, పాత బాటిళ్లకు వచ్చేదానికంటే కాస్త ఎక్కువే. మేనేజరు గారు మొదట ఖర్చు అన్నారు, పసుపు కవర్ల కొనుగోలు తగ్గిన బిల్లు చూసి ఒప్పుకున్నారు. ఖాళీ బాటిల్‌ను కత్తిరించి ఎరుపులో వేయడం సిస్టర్ల పని. తర్వాతి వారానికే ఎరుపు బరువు మందుల షాపు లెక్కకు దగ్గరపడింది.

జూన్ మొదటి వారం

క్రిములను చంపే హైపోక్లోరైట్ ద్రావణం గురించి క్లుప్తంగా. ల్యాబ్ రక్తం నమూనాలు, కల్చర్ ప్లేట్లు (పరీక్షకు క్రిములను పెంచేవి) అక్కడే శుద్ధి చేసి తర్వాత కవర్లోకి పంపాలి. నేల మీద రక్తం పడితే 1 శాతం ద్రావణం. మా క్యాన్ 5 శాతంది, ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు. ఏ రోజుకా రోజు కలపాలి. క్యాన్ ఇన్నాళ్లూ మేడ మీద ఎండలో ఉండేది, అలా ఉంచితే క్లోరిన్ పోయి ఒట్టి నీళ్లే మిగులుతాయి. లోపలికి మార్చాం. బాత్రూమ్ యాసిడ్‌తో కలపకూడదని ఎర్ర స్టిక్కర్ వేశాం, కలిస్తే విషవాయువు వస్తుంది. కాల్చే పసుపు కవర్లో దీన్ని గుమ్మరించే అలవాటు కూడా మాన్పించాం.

లేబర్ రూములో ఒక సంగతి జరిగింది. తుళ్లూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక నాయనమ్మ గారు, మనవడు పుట్టిన సంతోషంలోనే, "మాయ మాకిచ్చేయండమ్మా, పెరట్లో లోతుగా పాతిపెట్టుకుంటాం" అని అడిగారు. అది పసుపు కవర్లో కొలిమికి వెళ్లాల్సింది. నియమం చెప్పి పంపేయడం తేలికే, కానీ ఆవిడ మనసులో ఏముందో అడగాలనిపించింది. "కుక్కలు లాక్కుపోతే బిడ్డకు మంచిది కాదమ్మా, అంతే" అన్నారు. గదికి తీసుకెళ్లి తాళం తీసి చూపించాను. ఎక్కడికి వెళ్తుందో, ఎలా కాలుస్తారో చెప్పాను. తలుపు కింద రేకు కూడా వంగి చూశారు. "అట్టయితే సరే, మీరే చూసుకోండి" అన్నారు. మాయను పాతిపెట్టే మన పెద్దల పద్ధతిలోనూ, ఈ నియమంలోనూ ఉన్న జాగ్రత్త ఒకటేనని నాకు అనిపిస్తుంది. ఇక మీదట కాన్పుకు చేరేటప్పుడే కుటుంబానికి ఈ మాట చెప్పేస్తున్నాం.

జూన్ మూడో వారం

శుద్ధి కేంద్రానికి వెళ్లొచ్చాం. పెద్దాయమ్మనూ, ఇద్దరు సిస్టర్లనూ తీసుకెళ్లాను. ఏళ్ల తరబడి కవర్లు కడుతున్న మనిషి అవి ఎక్కడికి పోతాయో ఎప్పుడూ చూడలేదు.

కొలిమికి రెండు గదులు. మొదటి దాంట్లో కనీసం 800 డిగ్రీలు, అక్కడ పుట్టిన పొగ రెండో దాంట్లో 1050 డిగ్రీల దగ్గర కనీసం రెండు సెకన్లు ఉండాలి. ఆ రెండు సెకన్లే డయాక్సిన్లను విడగొట్టేది. తడి చెత్త, పళ్ల తొక్కలు ఎక్కువొస్తే వేడి పడిపోతుందని, డీజిల్ ఎక్కువ కాల్చాల్సి వస్తుందని అక్కడి సూపర్‌వైజరు గారు చెప్పారు. ఎరుపు కవర్లు ఆటోక్లేవ్‌కు. 121 డిగ్రీల ఆవిరిలో, అనుకున్నంత ఒత్తిడిలో, యంత్రం రకాన్ని బట్టి ముప్పావు గంట నుంచి గంట. వేడికి తేలిగ్గా చావని బాక్టీరియా బీజాలు లోపల పెట్టి, అవి కూడా చచ్చాయా లేదా అని పరీక్షిస్తారు. తర్వాత ష్రెడ్డర్. ముక్కలైన ప్లాస్టిక్ మాత్రమే రీసైక్లింగ్‌కు వెళ్తుంది, దాన్ని ఎవరూ మళ్లీ సిరంజిగా వాడలేరు.

ష్రెడ్డర్ పక్కన ఒక డబ్బాలో ఎరుపు కవర్లలో దొరికిన ఇనుప సామాను దాచి పెట్టారు. కత్తెరలు, ఫోర్సెప్స్, సర్జికల్ బ్లేడ్లు. బ్లేడు ఒకటి తగిలితే యంత్రం ఆగుతుంది, ఆగితే ఒక మనిషి చెయ్యి పెట్టి తీయాలి. మా సిస్టర్ ఒకామె ఆ డబ్బా దగ్గర చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చాక ఆపరేషన్ థియేటర్లో ఆపరేషన్ చివర బ్లేడ్లు లెక్కపెట్టే పని తానే అడిగి తీసుకుంది. క్లాసు పెట్టి చెప్పినా ఇంత బాగా ఎక్కదు. గుంటూరులో ఏ ఆసుపత్రి వాళ్లైనా, వీలైతే, సిబ్బందిని ఒక్కసారి తీసుకెళ్లి చూపించమని అడుగుతున్నాను.

జూన్ చివర

ఫారం 4 గడువులోపే పంపాం. పాత సంవత్సరం బరువులు అంచనాలని ఉన్నది ఉన్నట్టు రాశాం. ప్రమాదాల గడిలో సున్నా తీసేసి, పెద్దాయమ్మది కూడా కలిపి, మాకు తెలిసినవన్నీ రాశాం. సున్నా ఉంటే బాగుంటుందని ఒకరన్నారు. మేడమ్ గారు ఒప్పుకోలేదు.

మిగిలిన పనులు ఉన్నాయి. రాత్రి షిఫ్ట్‌లో ఎరుపు, పసుపు ఇంకా కలుస్తున్నాయి. ఒకే సిస్టర్ రెండు వార్డులు చూస్తున్నంత కాలం ట్రాలీ ఎంత దగ్గరున్నా అంతే, ఇంకొకరిని తీసుకోవాలని అడిగాను. పాత పాదరసం బీపీ మిషన్లు రెండు మూలన ఉన్నాయి, వాటిని విడిగా అప్పగించాలి. పసుపు కవర్లో అసలు వేయకూడదు, కాలిస్తే పాదరసం గాలిలో కలుస్తుంది.

మందుల షాపులో ఇన్సులిన్ కొనేవాళ్ల సంగతి కొత్తగా మొదలుపెట్టాం. ఇంట్లో వాడిన సూదులు చాలామంది మామూలు చెత్తలోనే వేస్తున్నారు. గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి తెచ్చిస్తే మేము తీసుకుంటామని కౌంటరు దగ్గర బోర్డు పెట్టాం. అప్పుడే కొందరు తెస్తున్నారు. ఒక మాస్టారు గారు తమ వీధిలో షుగరున్న ఇళ్లన్నిటికీ చెప్పి పెద్ద సీసా నిండా పోగుచేసి తెచ్చారు. జూలైలో ఈ సీసాలకు విడిగా రిజిస్టరు తెరవాలి, ట్రాలీ కట్టర్‌కు కొత్త బ్లేడు వేయించాలి, పెద్దాయమ్మా వాళ్ల మూడో డోసుకు నవంబరు తేదీలు డ్యూటీ చార్టులో ఇప్పుడే రాసిపెట్టాలి.